అక్షరాల చెరువు ఎవరిది?

(కాపీరైటు, భావ ప్రకటనా స్వేచ్ఛ, ఉమ్మడి ఆస్తి గురించి కొన్ని మాటలు)



పోయిన దసరా సెలవులకు ముందు మన తమ్ముడొకడు మమ్మల్ని అడిగిన ప్రశ్నతో ఈ వ్యాసం మొదలుపెడుతున్నాం. అతను డిగ్రీ మొదటి సంవత్సరం. లైబ్రరీ నుంచి తెచ్చుకున్న ఎకనామిక్స్ పుస్తకంలో రెండు అధ్యాయాలు జిరాక్స్ తీయించుకుందామని కాలేజీ ఎదుటి షాపుకు వెళ్లాడు. అక్కడ నిలబడి ఉన్న ఒక పెద్దమనిషి పుస్తకం చూసి, "ఇలా జిరాక్స్ తీయడం దొంగతనం, తెలుసా?" అన్నాడట. తమ్ముడు పుస్తకం సంకలో పెట్టుకుని తిరిగి వచ్చేశాడు. ఆ రాత్రి మెస్ దగ్గర పళ్లెం కడుక్కుంటూ, "అన్నా, నిజంగా దొంగతనమేనా? ఆ పుస్తకం పన్నెండు వందలు. మా నాయనకు మూడు రోజుల కూలి" అని అడిగాడు.

దొంగతనం అనే మాట మనలాంటి వాళ్లకు తేలిగ్గా తగిలేది కాదు. ఊళ్లో ఎవరి చేలో కంకి పోయినా ముందు మన వాడ వైపే చూసే రోజులు మన పెద్దవాళ్లు చూశారు. అందుకే ఆ తమ్ముడి ముఖం అంత చిన్నబోయింది. ఆ రోజు మా దగ్గర సరైన జవాబు లేదు. "ఏం కాదులే, తీయించుకో" అన్నాం. తర్వాత మాకే సిగ్గనిపించింది. తెలియకుండా ధైర్యం చెప్పడం కూడా ఒక రకంగా మోసమే. మేము న్యాయశాస్త్రం చదివిన వాళ్లం కాము. మా ఇంట్లో డిగ్రీ పట్టా చూసిన మొదటి వాళ్లం మేమే. అయినా చట్టం తెచ్చుకుని చదివాం, కొన్ని తీర్పులు చదివాం. అర్థమైనంత వరకు ఇక్కడ రాస్తున్నాం.

కాపీరైటు అంటే ఏమిటి?

ఒక మనిషి తన ఆలోచనతో, తన మాటలతో ఒక కథనో, పాటనో, పుస్తకాన్నో సృష్టిస్తే, దాన్ని అచ్చువేయడానికి, అమ్మడానికి, అనువదించడానికి కొంతకాలం పాటు అతనికే ఉండే హక్కు కాపీరైటు. 'కొంతకాలం' అన్న మాటను గుర్తుపెట్టుకోండి. ఈ వ్యాసమంతా ఆ మాట చుట్టూనే తిరుగుతుంది.

ఈ హక్కును రచయితకు ఇచ్చిన తొలి చట్టం ఇంగ్లండులో ఆన్ రాణి కాలంలో 1710లో అమలులోకి వచ్చింది. కొత్త పుస్తకానికి 14 ఏళ్లు, ఆ తర్వాత రచయిత బతికి ఉంటే మరో 14 ఏళ్లు. చదువును ప్రోత్సహించడం కోసం అని ఆ చట్టం శీర్షికలోనే రాసుకున్నారు. కాని లండన్‌లోని పెద్ద పుస్తక వ్యాపారులు ఈ హక్కు ఎప్పటికీ తమదేనని వాదించారు. చౌక ధరకు పాత పుస్తకాలు అచ్చువేసి అమ్మే డొనాల్డ్‌సన్ అనే వ్యాపారి వాళ్లకు ఎదురు నిలిచాడు. 1774లో హౌస్ ఆఫ్ లార్డ్స్ అతని పక్షాన తీర్పు చెప్పింది. గడువు తీరిన పుస్తకం అందరిదీ అని ఆ రోజు తేలిపోయింది.

మన దేశంలో ఇప్పుడున్నది 1957 నాటి కాపీరైటు చట్టం. అది 1958 జనవరి 21 నుంచి అమలులోకి వచ్చింది. అందులో మనం తెలుసుకోవలసిన సంగతులు మూడు.

మొదటిది, భావానికి కాపీరైటు లేదు. ఆ భావాన్ని చెప్పిన తీరుకే ఉంటుంది. వరకట్నం మీద ఒకరు నాటకం రాశారని మరొకరు రాయకూడదని లేదు. వాళ్ల మాటలు, సన్నివేశాలు ఎత్తిరాయకూడదు, అంతే. 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతి స్పష్టంగా చెప్పింది. భావాలకు కూడా యజమానులు ఉంటే ఇక ఎవరూ నోరు విప్పలేరు.

రెండవది, ఈ హక్కు కోసం ఎక్కడా రిజిస్టరు చేయించుకోనక్కరలేదు. మీరు నోటుపుస్తకంలో సొంతంగా ఒక కవిత రాసిన క్షణమే దాని హక్కు మీది.

మూడవది, రచయిత బతికినంత కాలం, ఆయన పోయాక తర్వాతి జనవరి 1 నుంచి 60 ఏళ్లు ఈ హక్కు నిలుస్తుంది. ఆ తర్వాత ఆ రచన ఎవరి అనుమతి లేకుండా ఎవరైనా అచ్చువేసుకోవచ్చు, పాడుకోవచ్చు, నాటకంగా ఆడవచ్చు. అలా అందరిదీ అయిన సంపదనే పబ్లిక్ డొమైన్ అంటారు. మన మాటల్లో చెప్పాలంటే ఊరుమ్మడి ఆస్తి.

ఈ హక్కు మనకూ కావాలి

కాపీరైటు అంటే డబ్బున్న వాళ్ల సంగతి, మనకెందుకు అని కొందరు మిత్రులు అంటుంటారు. అది పొరపాటు. మా సీనియర్ ఒకాయన ఈ హాస్టల్లో ఉన్నప్పుడు నాట్లు వేసే తల్లి మీద ఒక పాట కట్టాడు. వీడ్కోలు సభలో పాడితే వార్డెన్ సారు కూడా కళ్లు తుడుచుకున్నారు. రెండేళ్ల తర్వాత అదే పాట, అవే చరణాలు, వేరే మనిషి పేరుతో రికార్డు అయి ఊళ్లల్లో డీజేల్లో మోగింది. ఆ అన్న ఆటోలో కూర్చుని తన పాటను తానే విన్నాడు. "రిజిస్టరు చేయించలేదు కదరా, ఏం చేస్తాం" అని ఊరుకున్నాడు. రిజిస్టరు అక్కరలేదని, తేదీ వేసి ఉన్న ఆ పాత నోటుపుస్తకమే సాక్ష్యంగా పనికి వస్తుందని అప్పుడు ఆయనకూ తెలియదు, మాకూ తెలియదు.

కాబట్టి రాసినవాడికి హక్కు ఉండాలి. ముఖ్యంగా పొలం, ఇల్లు, దుకాణం ఏమీ లేని ఇంట్లో పుట్టి, కేవలం మాటనే ఆస్తిగా చేసుకున్నవాడికి ఉండి తీరాలి. చట్టంలోని 57వ సెక్షన్ ప్రకారం హక్కులు వేరే వాళ్లకు అమ్మేసినా సరే, ఇది నేను రాశాను అని చెప్పుకునే హక్కు రచయితకే ఉంటుంది. ఉమ్మడి ఆస్తి అయిపోయిన రచనకు కూడా పేరు చెరపకూడదన్నది కనీస మర్యాద.

జిరాక్స్ దొంగతనమా?

ఇప్పుడు తమ్ముడి ప్రశ్నకు వద్దాం. చట్టంలో 52వ సెక్షన్ ఒకటి ఉంది. ఏ పనులు కాపీరైటును ఉల్లంఘించినట్లు కావో అందులో వరుసగా చెప్పారు. సొంత చదువుకు, పరిశోధనకు, విమర్శకు, వార్తలు చెప్పడానికి ఒక రచనను న్యాయమైన మేరకు వాడుకోవచ్చు. బోధనలో భాగంగా ఉపాధ్యాయుడు గాని, విద్యార్థి గాని ప్రతి తీసుకోవచ్చు. ఇదేదో దయతలచి ఇచ్చిన మినహాయింపు కాదు. ఒక పుస్తకాన్ని విమర్శించాలంటే అందులోని మాటలు చూపించాలి కదా. అందుకు కూడా యజమాని అనుమతి కావాలంటే రాజ్యాంగం 19(1)(ఎ) అధికరణంలో ఇచ్చిన భావ ప్రకటనా స్వేచ్ఛకు అర్థమేముంది?

ఈ సెక్షన్ మీద మన దేశంలో ఒక పెద్ద కేసు నడిచింది. ఢిల్లీ విశ్వవిద్యాలయంలోని ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ ఆవరణలో రామేశ్వరీ ఫొటోకాపీ సర్వీసెస్ అనే చిన్న షాపు ఉంది. సిలబస్‌లో ఉన్న వేర్వేరు పుస్తకాల నుంచి కావలసిన అధ్యాయాలు తీసి, కలిపి కుట్టి విద్యార్థులకు ఇచ్చేవారు. 2012లో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ అనే ప్రచురణ సంస్థలు ఆ షాపు మీద, విశ్వవిద్యాలయం మీద ఢిల్లీ హైకోర్టులో కేసు వేశాయి. విద్యార్థులు, అధ్యాపకులు సంఘాలుగా ఏర్పడి ఆ కేసులో చేరారు. అమర్త్యసేన్ వంటి రచయిత కూడా ఈ కేసు వద్దని ప్రచురణకర్తలకు ఉత్తరం రాశారు.

2016 సెప్టెంబరు 16న హైకోర్టు ఆ కేసును కొట్టివేసింది. కాపీరైటు దేవుడిచ్చిన హక్కూ కాదు, సహజంగా పుట్టుకొచ్చిన హక్కూ కాదు, ప్రజల మేధో సంపద పెరగడం కోసం ఏర్పాటు చేసుకున్నది అన్న అర్థం వచ్చేలా న్యాయమూర్తి రాశారు. అదే ఏడాది డిసెంబరులో అప్పీలు విన్న ఇద్దరు న్యాయమూర్తుల బెంచి, బోధనకు అవసరమైన మేరకు ప్రతులు తీసుకోవచ్చన్న సూత్రాన్నే నిలబెట్టింది. కొన్ని విషయాలు మాత్రం విచారణలో తేల్చాలని పంపింది. 2017 మార్చిలో ప్రచురణ సంస్థలే కేసు ఉపసంహరించుకున్నాయి.

కాబట్టి తమ్ముడూ, నువ్వు చదువుకోవడానికి లైబ్రరీ పుస్తకంలోని రెండు అధ్యాయాలు జిరాక్స్ తీయించుకోవడం దొంగతనం కాదు. తలెత్తుకుని వెళ్లి తీయించుకో. అయితే ఎవరైనా పుస్తకం మొత్తం దొంగచాటుగా అచ్చువేసి అట్ట మార్చి అమ్మితే అది తప్పే. ఈ రెండింటికీ మధ్య ఉన్న తేడా తెలుసుకోవడమే చట్టం తెలుసుకోవడం.

మరో సంగతి. మన హాస్టళ్లలో చూపు లేని విద్యార్థులు కూడా చదువుతున్నారు. 2012 సవరణ తర్వాత, వికలాంగులు చదువుకోగలిగే రూపంలోకి, అంటే బ్రెయిలీలోకో ఆడియోలోకో పుస్తకాన్ని మార్చి వాళ్లకు ఇవ్వడం ఉల్లంఘన కాదు. ఇదే ఉద్దేశంతో ప్రపంచ దేశాలు చేసుకున్న మరకేష్ ఒప్పందాన్ని 2014లో అన్ని దేశాలకంటే ముందు ధ్రువీకరించినది భారతదేశమే. ఇది గర్వించదగిన విషయం.

గడువు తీరిన తర్వాత

మొదట్లో మన చట్టంలో గడువు రచయిత మరణానంతరం 50 ఏళ్లే. రవీంద్రనాథ్ ఠాగూర్ 1941లో మరణించారు. 1991 చివరతో ఆయన రచనలు అందరివీ కావలసింది. విశ్వభారతికి ఆ హక్కులు మరికొంతకాలం ఉండాలన్న కోరికతో గడువును 60 ఏళ్లకు పెంచారు. ఒక్క మహాకవి కోసం పెంచిన ఆ పదేళ్లు దేశంలోని రచయితలందరికీ వర్తించాయి. చివరకు 2002 జనవరి నుంచి ఠాగూర్ రచనలను ఎవరైనా అచ్చువేసుకునే వీలు కలిగింది.

మన తెలుగులో చూద్దాం. వేమన పద్యాలకు ఎన్నడూ యజమాని లేడు. సి.పి. బ్రౌన్ వాటిని సేకరించి 1829లో అచ్చువేశాడు కాబట్టి చెదలు పట్టకుండా మన దాకా వచ్చాయి. గురజాడ 1915లో కన్నుమూశారు. ఆనాటి 50 ఏళ్ల గడువు 1965తో తీరింది. అందుకే కన్యాశుల్కం ఎందరో ప్రచురణకర్తల దగ్గర, చౌక ప్రతుల్లో సైతం దొరుకుతుంది. ఏ పల్లెలో ఆడినా ఎవరికీ పైసా కట్టనక్కరలేదు. జాషువా 1971లో మరణించారు. ఆయన రచనలు 2032 జనవరి 1న మనందరివీ అవుతాయి. ఆ రోజుకు మాకు ముప్పై ఏళ్లు వస్తాయి. గబ్బిలాన్ని ఈ హాస్టల్ పేరుతో అచ్చువేసి ప్రతి తమ్ముడి ట్రంకు పెట్టెలో ఒక ప్రతి ఉంచాలని మా కోరిక.

ఇక బాబాసాహెబ్ అంబేడ్కర్. ఆయన 1956 డిసెంబరు 6న మహాపరినిర్వాణం చెందారు. లెక్క వేస్తే ఆయన జీవితకాలంలో ప్రచురించిన పుస్తకాలు 2017 జనవరి 1న ప్రజల ఆస్తి అయ్యాయి. ఆ రోజున మేము ఇదే హాస్టల్లో పదో తరగతి విద్యార్థులం. గోడ మీద ముగ్గుపిండితో హ్యాపీ న్యూ ఇయర్ అని రాసుకుని, కేకు ముక్క కోసం కొట్లాడుకున్నాం. అంత పెద్ద ఆస్తి మన చేతికి వచ్చిందని మాకెవరూ చెప్పలేదు.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. ఆయన పోయిన తర్వాత తొలిసారి వెలువడిన రచనలకు గడువును ప్రచురించిన సంవత్సరం నుంచి లెక్కిస్తారు. అలాగే ఇంగ్లీషు మూలం అందరిదైనా, దాని తెలుగు అనువాదం మీద హక్కు ఆ అనువాదకుడిదే. అనువాదం కూడా చెమటోడ్చి చేసే పనే కదా.

అచ్చువేసే స్వేచ్ఛ లేకపోతే

ఉమ్మడి ఆస్తికీ మాట్లాడే స్వేచ్ఛకూ సంబంధం ఏమిటని అడగవచ్చు. బాబాసాహెబ్ పుస్తకాల కథలోనే జవాబు ఉంది.

లాహోరులోని జాత్-పాత్-తోడక్ మండల్ తన 1936 వార్షిక సభకు అధ్యక్షత వహించమని ఆయనను పిలిచింది. ఆయన రాసిన ఉపన్యాసం ముందుగా చూసిన నిర్వాహకులు కొన్ని భాగాలు తీసేయమన్నారు. ఒక్క కామా కూడా మార్చనని ఆయన చెప్పేశారు. సభే రద్దయింది. ఆయన ఊరుకోలేదు. ఆ ఉపన్యాసాన్ని తన ఖర్చుతో 1,500 ప్రతులు అచ్చువేయించారు. రెండు నెలల్లో అన్నీ అయిపోయాయి. మనం 'కుల నిర్మూలన' అని పిలుచుకునే పుస్తకం అదే. గాంధీజీ హరిజన్ పత్రికలో దాన్ని విమర్శిస్తూ, ఎనిమిది అణాల ధర ఎక్కువ, రెండు అణాలకో కనీసం నాలుగు అణాలకో తగ్గించాలని సూచించారు. పుస్తకంతో విభేదించిన మనిషి కూడా అది అందరికీ అందాలనుకోవడం గమనించదగ్గ విషయం. వేదిక మీద చోటు దొరకని మాట, అచ్చులో బతికింది.

ఆయన వదిలి వెళ్లిన రాతప్రతులను 1979 నుంచి మహారాష్ట్ర ప్రభుత్వం సంపుటాలుగా ప్రచురిస్తూ వచ్చింది. అది నిజంగా గొప్ప సేవ. కాని 1987లో వచ్చిన నాలుగవ సంపుటం, హిందూమతంలోని చిక్కుముడుల గురించినది, వివాదమైంది. రాముడు, కృష్ణుడి గురించిన అనుబంధాన్ని తొలగించాలని కొందరు ఆందోళన చేస్తే ప్రభుత్వం వెనుకంజ వేసింది. 1988లో బొంబాయిలో దళితులు భారీ ఊరేగింపు తీశారు. చివరకు ఆ అభిప్రాయాలతో ప్రభుత్వానికి ఏకీభావం లేదన్న గమనికతో రాజీ కుదిరింది. ఆ తర్వాత 2021 డిసెంబరులో, ఈ సంపుటాల ముద్రణ నిలిచిపోయిందన్న పత్రికా వార్త చూసి బొంబాయి హైకోర్టు తనంతట తానే విచారణకు తీసుకోవలసి వచ్చింది.

దీనివల్ల తెలిసేదేమిటి? ఒక పుస్తకాన్ని అచ్చువేసే అధికారం ఒక్కరి చేతిలోనే ఉంటే, వాళ్లు భయపడిన రోజున పుస్తకం ఆగుతుంది. వాళ్లు మరిచిపోయిన రోజునా ఆగుతుంది. నిషేధం అక్కరలేదు, మళ్లీ అచ్చువేయకపోతే చాలు. అదే పుస్తకం అందరిదీ అయితే ఒకరు ఆపినా వందమంది అచ్చువేస్తారు. అందుకే పబ్లిక్ డొమైన్ అనేది ఉచితంగా పుస్తకాలు దొరికే ఏర్పాటు మాత్రమే కాదు, మాటను ఎవరూ పాతిపెట్టలేని ఏర్పాటు.

చెరువు తెరిచి ఉంది

మహద్ చవదార్ చెరువు కథ మనందరికీ తెలిసిందే. అయితే అందులో ఒక సంగతి మనం అంతగా పట్టించుకోం. బహిరంగ చెరువులు, బావులు అందరికీ తెరవాలని బొంబాయి శాసనమండలి 1923లోనే తీర్మానించింది. మహద్ మునిసిపాలిటీ 1924లో తన చెరువును తెరిచినట్లు తీర్మానం చేసింది. కాగితం మీద హక్కు వచ్చింది. కాని 1927 మార్చి 20న బాబాసాహెబ్ వేలమందితో నడిచివెళ్లి దోసిట్లో నీళ్లు తీసుకునే దాకా ఆ నీళ్లు మన వాళ్ల గొంతు తడపలేదు. ఆ తర్వాత కూడా కోర్టుల్లో పోరాడవలసి వచ్చింది. 1937లో గాని బొంబాయి హైకోర్టులో కేసు గెలవలేదు.

అక్షరాల చెరువు కూడా ఇప్పుడు అలాగే ఉంది. హక్కు వచ్చింది. వెళ్లి తాగవలసింది మనమే. మన పెద్దలు మనకు ఎకరాలు రాసివ్వలేకపోయారు. కాని వేమన, గురజాడ, ఠాగూర్, అంబేడ్కర్ రాసినవాటిలో హక్కులు తీరినవన్నీ ఇవాళ మన వాటా కూడా. దీనికి పట్టాదారు పాసుపుస్తకం అక్కరలేదు, చదవడం వస్తే చాలు.

అందుకని ఈ వార్షికోత్సవ సందర్భంగా నాలుగు పనులు మనవి చేస్తున్నాం. స్టడీ అవర్ తర్వాత వారానికి ఒక్క గంట, హక్కులు తీరిన ఒక పుస్తకాన్ని గట్టిగా చదువుకుందాం. మన ఫోన్లలో తెలుగు వికీసోర్స్ తెరిస్తే అలాంటి పుస్తకాలు ఎన్నో ఉన్నాయి. వాటిలో అచ్చుతప్పులు దిద్దేవాళ్లు కావాలి, సెలవుల్లో రోజుకు రెండు పేజీలు దిద్దవచ్చు. చూపు లేని మిత్రుల కోసం పాఠాలు చదివి రికార్డు చేద్దాం. ఇంటికి వెళ్లినప్పుడు మన అమ్మమ్మలు, నానమ్మలు పాడే పాటలు రాసుకుని వద్దాం. ఎవరు పాడారో, ఏ ఊరో కింద తప్పక రాద్దాం. రాయకపోతే రేపు ఎవరో తమ పేరుతో అమ్ముకుంటారు, లేదా ఆ పాట వాళ్లతోనే వెళ్లిపోతుంది.

చివరగా ఒక మాట. చట్టం ప్రకారం ఈ వ్యాసానికి కాపీరైటు మాదే. మా ఇంటిపేరు మీద మొట్టమొదటి ఆస్తి బహుశా ఇదే. ఆ హక్కుతోనే చెబుతున్నాం. దీన్ని ఎవరైనా జిరాక్స్ తీసుకోవచ్చు, గోడపత్రికకు అంటించవచ్చు, సభలో చదవవచ్చు, తప్పులుంటే దిద్ది మళ్లీ రాయవచ్చు. కింద మన హాస్టల్ పేరు మాత్రం చెరపకండి.

- ఒక పూర్వ విద్యార్థి, పి.జి. చివరి సంవత్సరం